మంచం నుంచి బాత్‌రూముకు పదకొండు అడుగులు

(డిమెన్షియా, అంటే తీవ్రమైన మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న కుటుంబాల కోసం తిరుపతిలో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ లెక్చరర్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారని ఇందాక చెప్పారు. ఇంట్లో మనిషిని ఇంకొకరికి అప్పజెప్పి ఒక పూట బయటికి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

నేను డాక్టరును కాను. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మకు అల్జీమర్స్ అని, అంటే డిమెన్షియాలో ఒక రకమని, తేలేనాటికి ఆమెకు 78 ఏళ్లు. ఆ తర్వాత ఆరేళ్లు బైరాగిపట్టెడలో మా ఇంట్లోనే ఉంది. ఆ ఆరేళ్లలో మూడుసార్లు పడింది. మూడోసారి తుంటి ఎముక విరిగింది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ మూడుసార్ల మధ్య నేర్చుకున్నదే. కొంత చదివి నేర్చుకున్నాను, కొంత తప్పు చేసి నేర్చుకున్నాను.

మొదటిసారి వాకిట్లో ముగ్గు వేయబోయి పడింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కానీ నాకు టెన్షన్ పట్టుకుంది. వెంటనే మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్ ఒకటి తెప్పించాను. నొక్కితే నా ఫోనూ, బెంగళూరులో ఉన్న మా తమ్ముడి ఫోనూ మోగుతాయి. రోజుకు రెండుసార్లు చూపించాను. "అమ్మా, పడితే ఇది నొక్కు." ఆమె తలూపేది. నా ముందే నొక్కి చూపించేది కూడా.

మూడు నెలల తర్వాత దేవుడి గది ముందు పడింది. నేను బజారులో ఉన్నాను, నా భార్య మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. దాదాపు నలభై నిమిషాలు నేల మీదే ఉండిపోయింది. బటన్ మెడలోనే ఉంది. లేపి కూర్చోబెట్టి, "ఇది నొక్కమంటిని కదమ్మా" అని అడిగాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది ఎవురిది నాయనా? ఎవురో మరిచిపోయి పోయినట్టుండారే" అంది.

ఆ మాట విన్నాక నాకు ఒకటి తెలిసొచ్చింది. ఒక పరికరం పనిచేయడానికి మా అమ్మ ఏదో ఒకటి గుర్తుపెట్టుకోవాల్సి ఉంటే, అది ఎంత మంచి పరికరమైనా ఆమెకు పనికిరాదు. జ్ఞాపకం పోయిన మనిషికి జ్ఞాపకంతో నడిచే వస్తువును ఇచ్చాను నేను. అప్పటి నుంచి ఏది కొన్నా మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: ఇందులో అమ్మ చేయాల్సిన పని ఏమైనా ఉందా? ఉంటే ఆ వస్తువు వద్దు.

మీలో కొందరు, వయసొచ్చాక ఎవరైనా పడతారు కదా, దీనికింత ఆలోచన ఎందుకు అనుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదాల్లో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అదే వయసులో మతి బాగున్నవాళ్లతో పోలిస్తే వీళ్లు పడే ప్రమాదం దాదాపు రెండింతలు.

కారణం కాళ్లలో మాత్రమే ఉందనుకుంటాం. నడవడం కూడా మెదడు చేసే పనే. 1997లో స్వీడన్‌లో కొందరు పరిశోధకులు చాలా చిన్న విషయం గమనించారు. పెద్దవాళ్లు నడుస్తుండగా పలకరించారు. కొందరు నడుస్తూనే జవాబు చెప్పారు. కొందరు ఆగి చెప్పారు. మాట్లాడటానికి ఆగాల్సి వచ్చినవాళ్లే తర్వాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడ్డారు. మాటకూ నడకకూ కలిపి సరిపడేంత శక్తి వాళ్ల మెదడు దగ్గర లేదన్నమాట. ఇది చదివాక మా ఇంట్లో ఒక అలవాటు మానేశాం. అమ్మ నడుస్తుంటే వెనక నుంచి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరిచేవాళ్లం. ఆ అరుపుకు ఆమె తల తిప్పేది. అప్పుడే తూలేది. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా నేను మొదట చెప్పేది ఇదే. అరవకండి. ఎదురుగా వెళ్లి చెయ్యి అందించండి.

ఇంకో కారణం కన్ను. కంటిచూపు బాగానే ఉంటుంది, కానీ చూసినదాన్ని మెదడు సరిగ్గా పోల్చుకోదు. లోతు తెలియదు, దగ్గర దగ్గర రంగులు విడివిడిగా కనిపించవు. మన ప్రాంతంలో గ్రానైట్‌కు కొదవ లేదు కాబట్టి కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో గది గదికీ మధ్య నల్ల గ్రానైట్ పట్టీ వేయిస్తున్నారు. మా అమ్మకు అది గుంతలాగా కనిపించేది. అక్కడికి రాగానే ఆగి, కాలు ఎత్తి దూరంగా వేసేది. ఇది దాటడానికా ఇంత భయం అని నేను విసుక్కునేవాణ్ని. ఆమెకు నిజంగా అక్కడ గుంత ఉంది. పాత ఇళ్లలో గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. దాని వెనక ఉన్న భక్తి సంగతి మీకు తెలిసిందే. అదే పసుపు మసక వెలుతురులో కూడా గడప ఎక్కడుందో కంటికి చూపించేది. నేను ఆ నల్ల పట్టీ మీద నేల రంగులోనే ఉన్న స్టిక్కర్ షీటు అతికించాను. ఆ రోజు నుంచి అక్కడ ఆగడం మానేసింది. బాత్‌రూములో మాత్రం దీనికి తలకిందులు. తెల్ల టైల్స్ మీద తెల్ల కమోడ్ ఆమెకు కనిపించేది కాదు, పక్కన గాల్లో కూర్చోబోయేది. ముదురు నీలం సీటు మార్పించాను. చదునైన నేల మీద, అడుగు వేయాల్సిన చోట రంగు తేడా ఉండకూడదు. కూర్చోవాల్సిన చోట, పట్టుకోవాల్సిన చోట తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి.

ఇప్పుడు ఆ పదకొండు అడుగుల దగ్గరికి వస్తాను.

మా అమ్మ జీవితమంతా తెల్లవారుజామున మూడింటికి లేచిన మనిషి. కొండ మీద సుప్రభాతం వేళకు తానూ లేచి ఉండాలని ఆమె నియమం. ధనుర్మాసంలో అయితే ఇంకా ముందే. పేర్లు మరిచిపోయింది, నన్ను కూడా కొన్నిసార్లు మరిచిపోయింది, కానీ మూడింటికి మెలకువ రావడం మాత్రం పోలేదు. లేచి, చీకట్లో, నిద్రమత్తులో, ఒంటరిగా బాత్‌రూముకు బయలుదేరేది. మంచం నుంచి అక్కడికి పదకొండు అడుగులు. ఆమెతో కలిసి నడిచి, ఒక్కో అడుగూ లెక్కపెట్టాను. మీరూ ఈ రాత్రి మీ ఇంట్లో లెక్కపెట్టండి. కొనాల్సినవన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

ఆ దారికి మొదట కావాల్సింది వెలుతురు. ఇరవై ఏళ్ల మనిషి కంటి లోపలి రెటీనా పొరకు చేరే వెలుతురులో అరవై ఏళ్ల మనిషికి దాదాపు మూడో వంతే చేరుతుంది. మనం పెట్టే జీరో బల్బు మనకు చాలు, వాళ్లకు చాలదు. ఫ్రాన్స్‌లో అల్జీమర్స్ మొదటి, మధ్య దశల్లో ఉన్న 96 మందితో ఏడాది పాటు ఒక అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. అందులో 49 మంది ఇళ్లలో, రాత్రి మంచం దిగగానే దారిపొడవునా దానంతటదే వెలిగే దీపాలు, వాటితో పాటు ఆపద వస్తే సాయం అందించే ఫోన్ వ్యవస్థ పెట్టారు. ఏడాదిలో ఆ 49 మందిలో ఇంట్లో పడినవాళ్లు 16 మంది. దీపాలు లేని 47 మందిలో 30 మంది పడ్డారు. అధ్యయనం చిన్నదే. కానీ అందులో ఆ పెద్దవాళ్లు దారి కోసం నేర్చుకోవాల్సింది, గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదని గమనించండి. కాలు కింద పెడితే చాలు, దారి కనిపిస్తుంది.

నేనూ అదే చేశాను. మోషన్ సెన్సర్ లైట్లు మన బజారులో ఎలక్ట్రికల్ షాపుల్లోనే దొరుకుతాయి. నాలుగైదు తీసుకుని గోడ వెంబడి, మోకాలి కిందకు వచ్చేలా పెట్టాను. పైన పెడితే మంచం మీద పక్కకు దొర్లినా వెలుగుతుంది, నిద్ర చెడుతుంది. కింద పెడితే కాలు కిందికి దించినప్పుడే వెలుగుతుంది. తెల్లగా కళ్లలో కొట్టే వెలుతురు వద్దు. పసుపు పచ్చని వెలుతురు, నేల మీద పడేలా ఉండాలి.

ఈ సెన్సర్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే షాపులో ఎవరూ చెప్పరు. ఇది కదిలే మనిషి ఒంటి వేడిని పసిగట్టి వెలుగుతుంది. చుట్టూ ఉన్న గాలికీ ఒంటికీ మధ్య వేడిలో తేడా ఉండాలి. మన తిరుపతిలో మే నెలలో మిద్దె కింద గది రాత్రిపూట కూడా ఎంత ఉడుకుతుందో మీకు తెలుసు. ఆ తేడా తగ్గేకొద్దీ సెన్సర్ మందగిస్తుంది. చలికాలంలో పది అడుగుల దూరం నుంచి పట్టుకున్నది ఎండాకాలంలో దగ్గరికి వస్తే గానీ వెలగకపోవచ్చు. అందుకని ఎండలు ముదరగానే ఒక రాత్రి మీరే మంచం మీద నుంచి దిగి పరీక్షించండి. మందపాటి కర్టెన్ వెనక ఉన్న మనిషినీ అది పట్టుకోదు.

నా పెద్ద తప్పు మాత్రం వేడి దగ్గర జరగలేదు. టైమర్ దగ్గర జరిగింది.

బాత్‌రూములో పెట్టిన లైటు కదలిక ఆగిన ముప్పై సెకన్లకు ఆరిపోయేలా కంపెనీ నుంచే సెట్ చేసి వచ్చింది. నేను మార్చలేదు. ఇంజినీరింగ్ పాఠాలు చెప్పినవాణ్ని, ఆ చిన్న స్విచ్ నా కంటికి కనిపించింది, అయినా పట్టించుకోలేదు. ఒక రాత్రి అమ్మ కమోడ్ మీద కదలకుండా కూర్చుంది. ముప్పై సెకన్లకు లైటు ఆరిపోయింది. చుట్టూ చీకటి. తానెక్కడుందో ఆమెకు తెలియలేదు. భయపడి ఒక్కసారిగా లేచింది. నేను చప్పుడు విని పరుగెత్తేసరికి గోడ పక్కన పడి ఉంది. తుంటి విరిగింది.

దయచేసి ఇంటికి వెళ్లగానే చూడండి. దారిలో ఉన్న లైటు కనీసం మూడు నిమిషాలు వెలగాలి. బాత్‌రూములో అసలు సెన్సర్ వద్దు. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా ఒక చిన్న ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉండనివ్వండి. దానికయ్యే కరెంటు ఖర్చు ఎంత తక్కువో బిల్లులు చూసుకునే మీకు నేను చెప్పక్కర్లేదు.

తుంటి విరిగితే తీసుకెళ్లడానికి మన ఊళ్లో రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది, ఎముకల కోసమే టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది. ఆ విషయంలో మనకు దేవుడు దయ చూపాడు. కానీ ఆపరేషన్ తర్వాత మతి బాగున్న మనిషి ఇప్పుడే లేవకూడదని గుర్తుపెట్టుకుంటాడు. మా అమ్మకు కాలికి ఆపరేషన్ అయిందన్న సంగతే గుర్తుండేది కాదు. నొప్పి వచ్చినప్పుడు మాత్రం, "ఎందుకు నాయనా ఈ కాలు ఇట్ల పీకుతాంది?" అని అడిగేది. చెప్పేవాణ్ని. పది నిమిషాలకు మళ్లీ అడిగేది. ఆ దశలో ఉన్న మనిషి విషయంలో పడ్డాక బాగు చేయించుకోవచ్చులే అనే ధీమా పెట్టుకోకూడదు.

ఆపరేషన్ తర్వాత మంచానికి పెట్టే ప్రెషర్ ప్యాడ్ తెచ్చాం. పరుపు కింద పెడతారు, మనిషి లేస్తే మోగుతుంది. దీని గురించి నిజాయతీగా చెప్పాలి. అమెరికాలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి మంచం అలారాల మీద పెద్ద పరిశోధన చేసి 2012లో ఫలితం చెప్పారు. అలారాల వాడకం పెరిగింది గానీ పడేవాళ్ల సంఖ్య తగ్గలేదు. ఎందుకో మా ఇంట్లోనే నాకు అర్థమైంది. మా అమ్మ లేచి నాలుగో అడుగు వేసేసరికి అలారం మోగి, నేను కళ్లు తెరిచి, చెప్పులు వెతుక్కుంటున్నాను. పైగా ఆ మోత ఆమె గదిలోనే మోగితే ఆమె ఉలిక్కిపడుతుంది. అందుకని గంట నా పక్కన మాత్రమే మోగేలా మార్చాను, వైరు లేని కాలింగ్ బెల్ లాగా. రాత్రి నేను ఆమె గది బయట వరండాలో పడుకోవడం మొదలుపెట్టాను. అలారం కొనేముందు ఒక ప్రశ్న వేసుకోండి: అది మోగితే పది సెకన్లలో మంచం దగ్గరికి చేరేవాళ్లు ఇంట్లో ఉన్నారా? ఉంటే కొనండి. అందరూ పై అంతస్తులో పడుకునే ఇంట్లో దానివల్ల పెద్ద లాభం లేదు.

కెమెరాల గురించి చాలామంది అడుగుతారు, ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో. పిల్లల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ అందులో ఒక ప్రమాదం ఉంది. మా తమ్ముడు హాల్లో పెట్టిన కెమెరాలో నుంచి ప్రేమగా, "అమ్మా, తిన్నావా?" అని పలకరించాడు. కొడుకు గొంతు వినగానే ఆమె కుర్చీలోంచి లేచి వాణ్ని వెతుక్కుంటూ వాకిలి దాకా వెళ్లింది. గొంతు గోడలోంచి వస్తుందని ఆమెకు ఎలా తెలుస్తుంది? అప్పటి నుంచి కెమెరాలో మాట్లాడే సదుపాయం ఆపేశాం. మాట్లాడాలంటే నాకు ఫోన్ చేస్తాడు, నేను పక్కన కూర్చుని వీడియో చూపిస్తాను. బాత్‌రూములో, బట్టలు మార్చుకునే చోట కెమెరా పెట్టొద్దు. మతి పోయినంత మాత్రాన సిగ్గు పోదు.

పడితే కనిపెట్టే వాచీలు వచ్చాయి. అవి కిందికి పడే వేగాన్ని, నేలకు తగిలే దెబ్బను, ఆ తర్వాత కదలకుండా ఉండటాన్ని చూసి ఫోన్ చేస్తాయి. మతిమరుపు ఇంకా మొదట్లోనే ఉన్నవాళ్లకు, వాచీ పెట్టుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లకు మంచివే. అయితే రోజూ ఎవరో ఒకరు చార్జింగ్ పెట్టాలి. గోడకు ఆనుకుని మెల్లగా జారి కూలబడితే అవి కనిపెట్టకపోవచ్చు. కొత్తగా గోడకు పెట్టే రాడార్ పరికరాలూ వస్తున్నాయి. కెమెరా లేకుండానే మనిషి నేల మీద ఉన్నాడా లేదా చెబుతాయి. వీటిలో మన ఇళ్లకు ఒక చిక్కు ఉంది. మన అవ్వలు నేల మీదే కూర్చుని ఆకుకూర వలుస్తారు, మధ్యాహ్నం చాప మీద కునుకు తీస్తారు. నేల మీద మనిషి కనిపిస్తే పడినట్టే అనుకునే యంత్రం మన ఇంట్లో రోజంతా మోగుతుంది. నాలుగు రోజులకు విసిగి మనమే ఆపేస్తాం. కొనేముందు వారం రోజులు ఇంట్లో పెట్టి చూడనిస్తారా అని అడగండి.

కరెంటు పోతే ఏం పనిచేస్తుంది, నెట్ పోతే ఏం పనిచేస్తుంది అన్నది కూడా చూసుకోవాలి. దారి దీపాలు చార్జింగ్‌వి గానీ ఇన్వర్టర్ లైను మీద ఉన్నవి గానీ కావాలి. నెట్ ఉంటేనే వెలిగే లైటును ఆ పదకొండు అడుగుల్లో పెట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు నేల మీదుగా లాగొద్దు, దానికే కాలు తట్టుకుంటుంది. కాలు పెడితే పక్కకు జారిపోయే, కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయండి. బాత్‌రూములో టవల్ రాడ్డును నమ్మొద్దు, మనిషి బరువుకు ఊడి వస్తుంది. గోడలోకి బోల్టులు దించి బిగించిన స్టీలు కడ్డీ కావాలి, అది కూడా టైల్స్ రంగులో వద్దు.

చాలా ఇళ్లలో ఇప్పటికే ఉండి, ఎవరూ ఈ పనికి వాడని యంత్రం ఒకటుంది. బీపీ మిషన్. పొద్దున పడుకుని ఉండగా ఒకసారి చూడండి. లేచి నిలబడ్డాక మూడు నిమిషాలలోపు మళ్లీ చూడండి. పక్కన పట్టుకుని నిలబడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ మాత్ర, నిద్ర మాత్ర, ప్రోస్టేట్ మాత్ర, వీటిలో ఏదో ఒకటి తగ్గించాల్సి రావచ్చు. మీరే ఆపేయొద్దు, అడగండి. మా అమ్మకు రాత్రి వేసే నిద్ర మాత్ర ఆపాక నడకలో తూలడం చాలా తగ్గింది. ఆ సంగతి ముందే అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. నిన్నటి దాకా బాగా నడిచిన మనిషి ఉన్నట్టుండి తికమక పడుతూ తూలితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూపించండి.

చివరి రెండేళ్లు అమ్మ మళ్లీ పడలేదు. వాకర్‌తో నడిచేది. మూడింటికి లేచేది. కాలు కింద పెట్టగానే దారి వెలిగేది. నా గంట మోగేది. నేను వెళ్లి చెయ్యి పట్టుకునేవాణ్ని. బాత్‌రూము నుంచి వచ్చాక దేవుడి గది ముందు కాసేపు కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ని. ఆమెకు కావాల్సింది అదే.

ప్రశ్నలుంటే అడగండి.

(కొర్లగుంట నుంచి వచ్చిన ఒక అమ్మ: మా ఆయన బాత్‌రూములోకి పోయి లోపల గడియ పెట్టేసుకుంటాడు సార్. వద్దంటే కోపం. ఏం చేయాలి?)

మంచి ప్రశ్న అడిగావమ్మా, నేను చెప్పడం మరిచిపోయాను. గడియ వేసుకోవడం ఆయన మర్యాద, దాన్ని తీసేస్తే ఆయనకు అవమానంగా ఉంటుంది. గడియ అలాగే ఉండనివ్వు, కానీ బయట నుంచి రూపాయి బిళ్లతో తిప్పి తీసుకునే రకం తాళం వస్తుంది, అది పెట్టించు. ఇంకొకటి, మీ బాత్‌రూము తలుపు ఎటు తెరుచుకుంటుంది? లోపలికా? అయితే ఆయన తలుపుకు అడ్డంగా పడితే గడియ తీసినా మీరు లోపలికి పోలేరు. వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా కీలు మార్పించాలి. పూట పని, అంతకన్నా పట్టదు. సమావేశం అయ్యాక ఉండమ్మా, మీ వీధి చెప్పు. ఆదివారం నేనే వచ్చి తలుపు చూస్తాను.